ఓటరు కార్డుతో విమానం

చాలా ఏళ్లపాటు నేనెవరినో చెప్పే సర్కారు కాగితం నా దగ్గర ఒక్కటే ఉండేది, ఓటరు కార్డు. తొంభైల్లో ఒకరోజు గౌడవెల్లి బడిగోడకు తెల్లగుడ్డ కట్టి, ఊళ్లో ఓటున్నవాళ్లందరినీ ఒక్కొక్కరినే స్టూలు మీద కూర్చోబెట్టి ఫోటోలు తీశారు. నా కార్డులో నూనూగు మీసాలతో, మెడదాకా గుండీలు పెట్టుకుని బిగుసుకుపోయి కూర్చున్న మనిషి ఒకడుంటాడు. పక్కన మా నాయిన పెట్టిన పేరు, దాని కింద పురుషుడు అని. ఫోటో తీసినాయన నవ్వమన్నాడు గానీ నాకు నవ్వు రాలేదు.

నేను ఆడదాన్నని ఊహ తెలిసినప్పటి నుంచీ నాకు తెలుసు. ట్రాన్స్‌జెండర్ అనే మాట అప్పటికి మా మండలం దాకా రాలేదు. ఊళ్లో వాడే మాటలు ఇక్కడ రాయదగ్గవి కావు. ఫోటో దిగిన ఏడాదికే చీర కట్టుకుని ఇంట్లోంచి బయటికి నడిచాను. మా నాయినకు భూమి ఉంది, పటేలు అని ఊళ్లో పలుకుబడి ఉంది, పంచాయతీ రాజకీయం ఉంది. ఆయన కేకలు వెయ్యలేదు, చెయ్యెత్తలేదు. ఈ గడప మళ్లీ తొక్కొద్దని ఒక్క మాట చెప్పి పొలం వైపు వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఎవరైనా నా సంగతి ఎత్తితే వానల గురించో బోరు గురించో మాట్లాడేవాడట.

కానీ ఆయనకు ఓటు కావాలి. ఎన్నికలు వచ్చినప్పుడల్లా నాయిన జీపు సిటీ అంచున సుచిత్రలో నా కుట్టుషాపు ముందు ఆగేది. డ్రైవరన్న దిగి ఒక ప్లాస్టిక్ కవరు నా చేతిలో పెట్టేవాడు. అందులో అమ్మ ఇస్త్రీ చేసిన ప్యాంటూ చొక్కా ఉండేవి. కొడుకు ఇంట్లోకి రాకూడదు, ఓటు మాత్రం పెట్టెలో పడాలి. షాపు తలుపు దగ్గరేసి, చీర విప్పి ఆ బట్టలు తొడుక్కుని, గౌడవెల్లి బడిలో మగవాళ్ల వరసలో నిలబడి ఓటేసి వచ్చేదాన్ని. ఎందుకు వెళ్లావని మీరడగొచ్చు. ఆడవాళ్ల వరసలో అమ్మ ఉండేది. రెండు వరసల మధ్య నాలుగడుగుల ఖాళీ. ఆ కాసేపు ఆమె నన్ను చూసేది, నేను ఆమెను చూసేదాన్ని. అంతకుమించి కారణమేమీ లేదు.

కుట్టుపని నాకు నేర్పింది మేడ్చల్ బస్టాండు దగ్గర ఒక ముసలి ఉస్తాదు. ఊరొదిలి వచ్చిన నన్ను ఏమీ అడక్కుండా మిషను ముందు కూర్చోబెట్టాడు. గుడ్డ కత్తిరించడం కంటే ముందు కొలత తియ్యడం నేర్పాడు. ఆడమనిషి నీ ముందు చేతులు చాచి నిలబడిందంటే నిన్ను నమ్మి నిలబడిందని, ఆ నమ్మకాన్ని పాడుచేస్తే నువ్వెంత బాగా కుట్టినా దండగేనని అనేవాడు. టేపు ఎక్కడ పెట్టబోతున్నావో ముందు నోటితో చెప్పాలి. తాకాల్సింది టేపు, చెయ్యి కాదు. మనిషిని నువ్వు తిప్పకూడదు, తిరగమని చెప్పాలి. ఈ మూడూ పట్టుబడటానికి నాకు ఆరునెలలు పట్టింది. ఇంకో అలవాటు కూడా ఆయన దగ్గరే అంటుకుంది. దారమెక్కించిన సూదిని పొద్దున్నే భుజం దగ్గర బట్టకు గుచ్చుకోవడం. ఆయన కమీజుకు గుచ్చుకుంటే, నేను జాకెట్టు భుజానికి, కొంగు కింద. మంచినీళ్లు తాగడం ఎట్లాగో అది అట్లాగే అయిపోయింది.

సుచిత్రలో షాపు పెట్టేసరికి చుట్టుపక్కల కొత్త కాలనీలు వెలిశాయి. కోస్తా వైపు నుంచి వచ్చిన ఉద్యోగస్తుల కుటుంబాలు ఎక్కువ. ఆ ఆడవాళ్లు జాకెట్టు మెడ విషయంలో అంగుళంలో నాలుగో వంతు తేడా వచ్చినా ఊరుకోరు. నాకూ అలాంటివాళ్లంటేనే ఇష్టం. వాళ్లలో ఒకావిడ, బ్యాంకు ఆఫీసరు భార్య, తన కూతురి పెళ్లి జాకెట్లు మూడూ నాకే ఇచ్చింది. పెళ్లి ఢిల్లీలో. పెళ్లికూతురిది అక్కడే ఉద్యోగం, మగపెళ్లివాళ్లూ అక్కడివాళ్లే. కొలతకు ఒక పాత జాకెట్టు పంపారు. ఆ కొలత ప్రకారం గుడ్డకు మగ్గం పని చేయించి, రెండు జాకెట్లు పూర్తిచేసి పంపించేశాను. మూడోది, ముహూర్తానిది, ఇంకా నా దగ్గరే ఉండగా పెళ్లికి రెండు రోజుల ముందు ఆవిడ ఢిల్లీ నుంచి ఫోన్ చేసింది. పంపినవి రెండూ జారిపోతున్నాయట. పిల్ల సన్నబడటానికని తిండి మానేసిందట, ఆ సంగతి తల్లికి కూడా చెప్పలేదట. నువ్వే రావాలమ్మా అంది. రైలుకి టైము లేదు, విమానం టికెట్ తీస్తానంది.

చవక విమానాలు కొత్తగా వచ్చిన రోజులవి. నాకు విమానమంటే హకీంపేట ఎయిర్‌ఫోర్స్ వైపు నుంచి లేచి మా మిరపచేను మీదుగా పోయేదే. వస్తానన్నాను. అప్పుడావిడ కార్డులో ఉన్న పేరు చెప్పమంది. ఆరేళ్లుగా ఆవిడ నాకు తెలుసు. నేను పెట్టుకున్న పేరుతోనే పిలిచేది. నా గొంతు విని, నా చేతులు చూసి ఆవిడ ఏమనుకుందో నేనెప్పుడూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఇప్పుడు ఆ పాత పేరు నా నోటితో నేనే చెప్పాలి. చెప్పకపోతే ఆ పిల్ల పీటల మీద జారిపోయే జాకెట్టుతో కూర్చుంటుంది. చెప్పాను. అవతల కాగితం, పెన్ను వెతుకుతున్న చప్పుడు వినిపించింది.

"స్పెల్లింగ్ నెమ్మదిగా చెప్పమ్మా, ఒక్క అక్షరం తప్పు పోయినా ఎక్కనివ్వరట" అంది ఆవిడ. "కత్తెర మాత్రం తేకు, ఇక్కడుంది."

ఆవిడ మీద నాకు ఆరోజు కలిగిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు.

ప్యాంటూ చొక్కా వేసుకుని వెళ్లడమా, చీరతో వెళ్లడమా అన్నది తర్వాతి ప్రశ్న. పాత ప్లాస్టిక్ కవరు బీరువాలోనే ఉంది. అవి తొడుక్కుంటే కార్డుకీ నాకూ కొంతైనా పోలిక కుదురుతుంది, ఎవరూ ఏమీ అడగరు. కానీ నన్ను పిలిచింది పెళ్లికూతురి జాకెట్టు సరిచెయ్యడానికి. ఆడపెళ్లివారి గదిలోకి ప్యాంటూ చొక్కాతో ఎట్లా వెళ్తాను? అదీగాక ఓటుకైతే నాయిన కోసం వేసుకున్నాను, విమానానికి ఎవరి కోసం వేసుకోవాలి? అలా అనుకునేసరికి నాకు కోపం వచ్చింది, కోపం వస్తే నాకు ధైర్యం వస్తుంది. గంజిపెట్టిన నీలం చీర కట్టుకున్నాను.

ఎయిర్‌పోర్టు గుమ్మం దగ్గర జవాను కార్డు చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ కార్డు చూశాడు. ఎన్నాళ్ల కిందటి ఫోటో అని అడిగితే చాలా ఏళ్లయిందన్నాను. అందరి ఫోటోలూ అట్లాగే ఉంటాయని తనే నవ్వి లోపలికి పంపాడు. కౌంటరులో కూర్చున్న అమ్మాయి బోర్డింగ్ పాసు చేతికిస్తూ సార్ అని, తలెత్తి చూసి మేడమ్ అని, చివరికి రెండూ వదిలేసి హ్యాపీ జర్నీ అంది. పర్వాలేదు, ఇదేమంత కష్టం కాదనుకున్నాను. అసలు సంగతి తనిఖీ దగ్గర ఉందని నాకప్పుడు తెలియదు.

అక్కడ రెండు వరసలు. మగవాళ్లది పొడుగ్గా, బహిరంగంగా. ఆడవాళ్లది పొట్టిగా, చివర తెర కట్టిన చిన్న గది. జాకెట్టున్న సంచిని రబ్బరు పట్టా మీద పెట్టమంటే పెట్టాను. అది మిషను లోపలికి పోయింది. నేను ఆడవాళ్ల వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చి తెర లోపలికి వెళ్తే అక్కడ ఒక కానిస్టేబులమ్మాయి, ఇరవై మూడో ఇరవై నాలుగో ఉంటాయి, చేతిలో లోహం తగిలితే మోగే తనిఖీ కర్ర పట్టుకుని ఉంది. నా పాసు చదివి బయటికి చూపించింది. మాట వింటే మన వైపు పిల్లే.

"గిది మగోళ్ల పేరు గదా. నువ్వు గా లైన్లకు పోవాలె" అంది.

మగవాళ్ల వరసకు వెళ్లాను. అక్కడి జవాను నా చీర చూసి, చేతులు వెనక్కి కట్టుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆడమనిషిని తాను ముట్టుకోనని, ఉద్యోగం పోతుందని హిందీలో చెప్పాడు. పాసు చూపిస్తే పాసు సంగతి తనకు తెలియదన్నాడు. మళ్లీ తెర దగ్గరికొచ్చాను. మళ్లీ అటు పొమ్మన్నారు. రెండు వరసల్లోని జనం పేపర్లు దించి నన్నే చూస్తున్నారు. ఈలోగా నా సంచి మిషనులోంచి అవతలికి వచ్చేసి, ఎవరిదో సూటుకేసు పక్కన ఒరిగి పడి ఉంది. పెళ్లికూతురు పీటల మీద తొడుక్కోబోయే జాకెట్టు అవతల, నేను ఇవతల. మైకులో మా విమానం పేరు పిలవడం మొదలైంది.

అప్పుడు నాకు భయం వేసిందని ఒప్పుకుంటాను. అరెస్టు చేస్తారేమోనన్న భయం కాదు. ఇటూ కాదు అటూ కాదని నన్ను వెనక్కి తిప్పి పంపేస్తారని, ఆ తర్వాత సుచిత్ర బస్సులో ఊరికే కూర్చుని ఇంటికెళ్తానని. గడప తొక్కొద్దన్న రోజు కూడా నాకంత భయం వెయ్యలేదు, ఎందుకంటే ఆ రోజు వెళ్లడానికి మేడ్చల్ ఉంది.

వెనక్కి తిరగలేదు. పెద్దవాళ్లెవరినైనా పిలవండి అని గట్టిగానే అన్నాను. తెల్ల జుట్టున్న ఒక ఆఫీసరమ్మ వచ్చింది. విషయం విని, తన దగ్గరున్న రూలులో మగ, ఆడ రెండే ఉన్నాయని, నాలాంటి ప్రయాణికులు ఎవరి దగ్గర తనిఖీ చేయించుకోవాలో ఎవరూ రాసివ్వలేదని మెల్లగా చెప్పింది. తర్వాత నన్నే అడిగింది, నువ్వెవరి దగ్గర చేయించుకుంటావు అని. ఆడమనిషి దగ్గర అన్నాను. ఆఫీసరమ్మ ఆ కానిస్టేబులు పిల్ల వైపు చూసింది. నీకిష్టమేనా అని అడిగింది గానీ చెయ్యమని హుకుం వెయ్యలేదు. పిల్ల తల వంచుకుంది. తనిఖీ కర్ర పట్టుకున్న చెయ్యి వణుకుతోంది.

ఆ వణుకు నాకు బాగా తెలుసు. ఉస్తాదు దగ్గర మొదటిసారి ఒకావిడ ముందు టేపు పట్టుకుని నిలబడినప్పుడు నా చేతులూ అట్లాగే వణికాయి. ఆ పిల్లకు నా మీద అసహ్యం కాదు, చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియదు, అంతే. అది నాకు అర్థం కాగానే కోపం సగం దిగిపోయింది.

"సూడు చెల్లె, నేను జాకెట్లు కుడ్త. రోజూ ఆడోళ్లను కొలిసే పనే నాది" అన్నాను. "పరేషాన్ గాకు. యాడ పెడ్తున్నవో ముందుగాల నోటితోని చెప్పు, ఎన్క కర్ర పెట్టు. చెయ్యి పెట్టే పని లేదు. తిరుగమంటె నేనే తిరుగుత."

ఆమె తెర తీసి నన్ను లోపలికి రమ్మంది. అక్కడున్న చెక్కపెట్టె మీద ఎక్కి చేతులు చాచి నిలబడ్డాను. కొన్ని వందలమందిని నా ముందు అట్లా నిలబెట్టానే గానీ నేను నిలబడటం అదే మొదలు. కుడి చెయ్యి అంది పిల్ల, కర్ర కుడిచేతి మీదుగా పోయింది. ఎడమ చెయ్యి అంది. నడుము అంది. చెప్పి పెడుతోంది, పెట్టాక ఆగుతోంది. మా ఊళ్లో నీళ్లు ఎక్కడ పడతాయో బోరు పాయింటు చూసేవాడు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా ఇట్లాగే నెమ్మదిగా తిరుగుతాడు. కాయ ఎక్కడ లేచి నిలబడుతుందా అని నాయిన ఊపిరి బిగబట్టి వెనకాలే నడుస్తాడు. నాకు నవ్వొచ్చింది. సరిగ్గా అప్పుడే ఎడమ భుజం కింద కర్ర కుయ్యిమంది.

పిల్ల మొహం పాలిపోయింది. మళ్లీ పెట్టింది, మళ్లీ కుయ్యిమంది. తెర బయట ఆఫీసరమ్మ ఏముందని అడిగింది. వాళ్లు నా ఒంట్లో ఏదో వెతుకుతున్నారనీ, ఆ ఏదో దొరికిందనీ ఒక్క క్షణం నేనే నమ్మాను. తర్వాత కొంగు ఎత్తి చూసుకుంటే ఉంది, మెరూన్ దారం తోకతో నా సూది. పక్కనే మూడు గుండుపిన్నులు. కత్తెర ఇంట్లో పెట్టాను, బ్లేడు ఇంట్లో పెట్టాను, మిషను నూనె సీసాతో సహా అన్నీ గుర్తుపెట్టుకుని ఇంట్లో పెట్టాను. పొద్దున జాకెట్టు తొడుక్కోగానే చెయ్యి తన పని తాను చేసేసింది.

సూది తీసి ఆ పిల్ల అరచేతిలో పెట్టాను. ఆమె దాన్ని చూసి గట్టిగా ఊపిరి వదిలి నవ్వింది.

"మా అమ్మ గూడ గిట్లనే గుచ్చుకుంటది. మిషిన్ కుడ్తది" అంది.

సూది, పిన్నులు డబ్బాలో వేసేసింది, అది రూలు. నా పాసు మీద ముద్ర కొట్టింది. నేను సంచి అందుకుని నాలుగడుగులు వేశాక వెనక నుంచి పిలిచి, సంచికున్న చీటీ మీద ముద్ర మరిచిపోయానని పరుగెత్తుకొచ్చి కొట్టింది. పాసు మీద ఆడవాళ్ల తెర వెనకాల కొట్టిన ముద్ర కింద మా నాయిన పెట్టిన పేరు అట్లాగే ఉంది. విమానంలో కూర్చున్నాక కిటికీలోంచి మేడ్చల్ ఎటుందో చూద్దామనుకున్నాను గానీ ఆ పాసునే చూస్తూ ఉండిపోయాను.

ఢిల్లీలో సూది కోసం కల్యాణ మండపమంతా వెతికాం. చివరికి పూలదండలు గుచ్చే ఆయన దగ్గర ఒక సన్నది దొరికింది. పెళ్లికూతుర్ని ఎదురుగా నిలబెట్టి, చెప్పి, కొలిచి, రెండు పక్కలా లోపలికి పట్టి, హుక్కులు జరిపి కుట్టాను. పీటల మీద జాకెట్టు ఎక్కడా జారలేదు. ఆవిడ నన్ను చుట్టాలందరికీ మా టైలరమ్మ అని చూపించింది.

కొన్ని నెలలకు పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. నాయిన సర్పంచికి నిలబడ్డాడు. జీపు వచ్చింది, డ్రైవరన్న కవరు ఇచ్చాడు. నేను కవరు తెరవకుండా పక్కన పెట్టి, కట్టుకున్న చీరతోనే జీపెక్కాను. డ్రైవరన్న నా చీర వైపు చూసి, పటేలుకు ఏం జెప్పాలె అన్నాడు. ఓటు తెచ్చిన అని చెప్పు అన్నాను.

బడి దగ్గర జీపు దిగి ఆడవాళ్ల వరసలో నిలబడ్డాను. అమ్మ నాకు అయిదుగురి ముందుంది. వెనక్కి చూసి, వరస వదిలి వచ్చి నా వెనక నిలబడింది. నాయిన ఓటేసే గది గుమ్మం దగ్గర ఉన్నాడు. నన్ను చూసి మొహం గోడవైపు తిప్పుకున్నాడు. అయినా వరస కదిలినప్పుడు నేనూ కదిలాను.

లోపల ఎదుటి పార్టీ ఏజెంటు నా కార్డు చూసి లేచి నిలబడ్డాడు. చిన్నప్పుడు నాతో గోళీలాడినవాడే, నేనెవరినో వాడికి బాగా తెలుసు. కార్డులో మగమనిషి ఉన్నాడు, వచ్చింది ఆడమనిషి, ఇది దొంగ ఓటు అన్నాడు. ఎన్నికల ఆఫీసరు ఎక్కడి నుంచో వచ్చిన బడిపంతులు. కార్డు అటూ ఇటూ తిప్పి, ఈమెను గుర్తుపట్టేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. అమ్మ నోరు తెరిచేలోపు గుమ్మం దగ్గరి నుంచి నాయిన లోపలికి వచ్చాడు. తెలియదంటే ఆయనకు ఒక్క ఓటు పోతుంది, అంతే. తెలుసంటే పదేళ్లుగా దాచింది ఊరందరి ముందూ బయటపడుతుంది. ఆయనకు లెక్కలు బాగా వచ్చు.

"నాకెర్కే. నా పెద్ద బిడ్డ. ఫోటో ఎన్కటిది" అన్నాడు.

మా వైపు బిడ్డ అంటే కూతురు. ఏజెంటు కూర్చున్నాడు. పంతులు నా వేలికి సిరా పెట్టాడు. నేను ఓటేసి బయటికి వచ్చేసరికి నాయిన అక్కడ లేడు.

ఆ ఎన్నికలో ఆయన ఓడిపోయాడు. ఆ మాట వల్లే ఓడాడని కొందరన్నారు, భూములమ్మిన గొడవల వల్ల అని కొందరన్నారు. నాకు తెలియదు. నేను మాత్రం చాలా రోజులు సరిగా నిద్రపోలేదు. ఆయన అన్న మాట ఓటు కోసమేనా అని రోజూ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను, రోజూ అవుననే చెప్పుకున్నాను.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం జీపు షాపు ముందు ఆగింది. ఎన్నికలు లేవు. డ్రైవరన్న కవరు ఇచ్చాడు. అందులో ఆకుపచ్చ జాకెట్టు గుడ్డ ఉంది, అమ్మది. కొలతకు పాత జాకెట్టు కోసం కవరంతా వెతికాను. లేదు. పెట్టడం మరిచిపోయిందా అని అడిగాను.

"మర్సిపోలేదు. కొలత ఇంటికొచ్చి తీసుకోమన్నడు" అన్నాడు డ్రైవరన్న.

ఎవరు, అమ్మ అన్నదా అంటే కాదు, పటేలే అన్నాడని చెప్పాడు. నేను మిషను మీద గుడ్డ కప్పి, టేపు మెడలో వేసుకుని, భుజానికి సూది ఉందో లేదో తడిమి చూసుకుని జీపెక్కాను.